చక్రం కూర్చునే చోటు

ప్రియమైన పిల్లలూ,

కారుతో వచ్చిన చక్రాలు తీసేసి బయట దొరికే అల్లాయ్ రిమ్ములు వేయించుకోవాలన్న సరదా మీలో చాలామందికి ఉంటుంది. ఉంటే తప్పేమీ లేదు. కాకపోతే కొనేటప్పుడు అందరూ రిమ్ము ముందువైపే చూస్తారు. మీరు దాన్ని బోర్లించి వెనకవైపు చూడండి. కారు మీద చక్రం బిగించే లోహపు దిమ్మను హబ్ అంటారు. హబ్‌కి ఆనే చదునైన ముఖం, మధ్యలో పెద్ద రంధ్రం, చుట్టూ నట్లు కూర్చునే గుంటలు కనిపిస్తాయి. స్టీరింగ్ వణికినా, నట్లు వదులైనా ముందుగా వెతకాల్సింది ఈ మూడు చోట్లే.

మధ్య రంధ్రంతో మొదలుపెడదాం. ఒకే రిమ్ము నాలుగైదు రకాల కార్లకు పట్టాలని బయట తయారుచేసేవాళ్లు ఈ రంధ్రాన్ని పెద్దగా చేస్తారు. 73.1 మిల్లీమీటర్లు బాగా వాడుకలో ఉన్న కొలత. మీ కారు హబ్ 54.1 అయితే చుట్టూ 9.5 మి.మీ. ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీలోకి బయట 73.1, లోపల 54.1 కొలత ఉన్న రింగు దిగాలి. చాలామంది దీన్ని ప్లాస్టిక్ ముక్కే కదా అని పారేస్తారు. నిజానికి కారు బరువు మోసేది రింగు కాదు, గట్టిగా అదుముకున్న రెండు లోహపు ముఖాల మధ్య రాపిడి. నట్లు బిగిసేదాకా చక్రాన్ని సరిగ్గా నడిమధ్యన పట్టి ఉంచడమే రింగు పని. అందుకే మామూలు వాడకానికి ప్లాస్టిక్ రింగైనా సరిపోతుంది. చేత్తో నొక్కితే కాస్త బిగువుగా దిగాలి. లొడలొడలాడితే అది ఆ కొలత రింగు కాదు.

ఆ నడిమధ్యకు ఎంత విలువో లెక్క వేసి చూడండి. టైరుతో కలిపి 18 కిలోలున్న చక్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగి బిగిసిందనుకుందాం. 18,000 గ్రాములను 0.5తో గుణిస్తే 9,000. వెయిట్లు (చక్రం తూకం సరిచేసే చిన్న బరువులు) అంటించే చోటు కేంద్రం నుంచి 200 మి.మీ. దూరంలో ఉంటే, భాగిస్తే 45 గ్రాములు. అంటే చక్కగా బ్యాలెన్స్ చేసిన చక్రం మీద ఎవరో 45 గ్రాముల సీసం దొంగతనంగా అంటించినట్టే!

బోల్టు రంధ్రాల వలయం కొలత, అంటే పీసీడీ, విషయంలో ‘దాదాపు సరిపోయింది’ అన్న మాట నమ్మకండి. 4×100 (నాలుగు రంధ్రాలు, 100 మి.మీ. వలయం) హబ్ మీదికి 4×98 రిమ్ము బలవంతంగా ఎక్కిస్తే ఎక్కినట్టే కనిపిస్తుంది. కానీ ప్రతి రంధ్రం 1 మి.మీ. తప్పుగా ఉంటుంది. రెండు నట్లు బిగిసేసరికి మిగతావి ఏటవాలుగా కూర్చుని, హబ్ మీది మర కడ్డీలైన స్టడ్‌లను వంచుతాయి. అలా వంగుతూ తిరిగిన స్టడ్ అలసి, ఏదో ఒక రోజు తెగుతుంది.

నట్టు ఆకారం కూడా గుంటకు తగినది కావాలి. బయట రిమ్ములకు ఎక్కువగా 60 డిగ్రీల శంకు ఆకారపు గుంటలుంటాయి. కొన్ని కంపెనీల సొంత నట్లు, బోల్టులు బంతిలా గుండ్రంగా ఉంటాయి. గుండ్రటిదాన్ని శంకు గుంటలో బిగిస్తే సన్నని గీత మీద మాత్రమే ఆనుతుంది. బిగిసినట్టే అనిపించి తర్వాత వదులవుతుంది. పాత నట్లు మాత్రం పారేయకండి, ఇనుప స్టెప్నీకి అవే కావాలి.

మరలు ఎంత లోపలికి దిగుతున్నాయో స్పానర్ ముట్టకుండా చేత్తో తిప్పి లెక్కపెట్టండి. కనీసం మర వ్యాసమంత లోతు దిగాలి. ఎం12×1.5 (12 మి.మీ. వ్యాసం, చుట్టుకు 1.5 మి.మీ. దిగేది) మరకు ఎనిమిది చుట్లు, ఎం14×1.5కు తొమ్మిదిన్నర. స్పేసర్ (హబ్‌కీ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల) వేసినవాళ్లు ఇది తప్పక చూడాలి.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పు నడిమి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మి.మీ. దూరంలో ఉందో చెప్పే కొలత; దాన్నే ‘ఈటీ’ అని రాస్తారు. ఒక్క ఉదాహరణ చాలు. 7 అంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్ము తీసి 8 అంగుళాలు, ఈటీ 35 ఉన్నది వేస్తే బయటి అంచు 22.7 మి.మీ. బయటికి, లోపలి అంచు 2.7 మి.మీ. లోపలికి జరుగుతాయి. ఫెండర్‌కీ సస్పెన్షన్‌కీ అంత చోటుందో లేదో కొనకముందే కొలవాలి.

ఇక బిగింపు. హబ్ ముఖం మీది తుప్పును ఇనుప బ్రష్‌తో రుద్ది మెరిసేలా చేయండి. ఒక్క తుప్పు పెచ్చు మధ్యలో ఇరుక్కున్నా చక్రం పక్కకు ఊగుతూ తిరుగుతుంది. హబ్ పెదవి (మధ్య రంధ్రంలోకి దూరే అంచు) మీద మాత్రం యాంటీ సీజ్ (లోహాలు అతుక్కోకుండా పూసే ముద్ద) పలచగా పూయొచ్చు. అల్యూమినియం, ఇనుము కలిసిన చోట తడి చేరితే రెండూ అతుక్కుపోతాయి కాబట్టి అక్కడ అది అవసరమే. మరల మీద మాత్రం నూనె, గ్రీజు వద్దు. జారుడు పెరిగితే అదే తిప్పుడు బలానికి, అంటే టార్క్‌కి స్టడ్ ఎక్కువ సాగుతుంది. చక్రం గాలిలో ఉండగానే నట్లన్నీ చేత్తో, తర్వాత స్పానర్‌తో నక్షత్రం గీసే వరుసలో దగ్గరికి తెచ్చి, కారును దించాక టార్క్ రెంచ్‌తో పూర్తిచేయాలి. చిన్న కార్లకు తరచుగా 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు ఉంటుంది, కానీ మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకే చివరి మాట. ఎయిర్ గన్‌తో బర్రుమని బిగించి వదిలేస్తే మీరు ఊరుకోవద్దు. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక రెంచ్ మళ్లీ పెట్టి చూడాలి.

బ్యాలెన్సింగ్ దగ్గర చాలామందికి అర్థంకానిది ఒకటుంది: మెషిన్ ‘సున్నా’ చూపించినా కారు వణుకుతుంది. మెషిన్ చక్రాన్ని 73.1 రంధ్రంలో శంకువు పెట్టి నడిమధ్యన పట్టుకుంటుంది. కారు మీద రింగు లేకపోతే ఆ నడిమధ్య వేరే చోట పడుతుంది. మెషిన్ అబద్ధం చెప్పలేదు, మనమే చక్రాన్ని ఇంకో చోట కూర్చోబెట్టాం. మెషిన్ మీద కూడా తప్పు జరగొచ్చు. పరీక్ష తేలిక: సున్నా వచ్చాక బిగింపు వదిలి, చక్రాన్ని షాఫ్ట్ మీద అరచుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. 5 గ్రాముల లోపు తేడా పరవాలేదు. 15, 20 వస్తే శంకువు సరిగ్గా కూర్చోలేదన్నమాట.

ఇరవై గ్రాములే కదా అనకండి. 200 మి.మీ. దూరంలో ఉన్న 20 గ్రాములు, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, సుమారు మూడున్నర కిలోల బరువంత బలంతో సెకనుకు పదిహేనుసార్లు హబ్‌ను లాగుతాయి. వేగం సగమైతే ఆ లాగుడు నాలుగోవంతుకు పడిపోతుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు తెలియనిది పెద్ద రోడ్డెక్కగానే తెలిసేది అందుకే. స్టీరింగ్ వణికితే సాధారణంగా ముందు చక్రాలు, సీటు వణికితే వెనకవి.

ఒకే చక్రానికి 100 గ్రాములకు పైగా వెయిట్లు అడుగుతుంటే వరుసగా అంటించుకుంటూ పోవద్దు. గాలి తీసి, టైరును రిమ్ము మీద అరచుట్టు జరిపి మళ్లీ చూడాలి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు, వాల్వ్ దగ్గరికి రావాలి. అప్పటికీ తగ్గకపోతే డయల్ గేజ్ పెట్టి రిమ్ము వంకర కొలవాలి. వంకరను వెయిట్లు సరిచేయలేవు.

అంటించే వెయిట్ల కోసం పాత జిగురంతా తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక నొక్కాలి. మైనం పాలిష్ ఉన్న చోట అవి నిలవవు. బ్రేక్ కాలిపర్‌కీ వెయిట్‌కీ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. అంచుకు తగిలించే క్లిప్పు వెయిట్లు పూతను గీస్తాయి, ఆ గీత నుంచే తుప్పు మొదలు.

అన్నట్టు, టైరు బీడు (రిమ్మును పట్టుకునే టైరు లోపలి అంచు) రిమ్ము మీద కూర్చోనప్పుడు గాలి 40 పీఎస్‌ఐ దాటించకూడదు. గాలి తీసి, సబ్బు నురగ మళ్లీ రాసి ప్రయత్నించాలి. బీడు కూర్చునే అంచు మీద తెల్లగా పొక్కులు లేచి ఉంటే ముందు వాటిని గీకి నున్నగా చేయాలి. లేకపోతే వారానికోసారి గాలి కొట్టించుకోవడమే.

పూత సంగతికొస్తే, డైమండ్ కట్ రిమ్ముల ముఖం నిజానికి పారదర్శకమైన లక్క కింద ఉన్న వట్టి అల్యూమినియం. రాయి తగిలి లక్క చిట్లితే లోపలికి తడి చేరి, తెల్లని పురుగులు పాకినట్టు గీతలు వస్తాయి. అవి లక్క అడుగున ఉంటాయి, పైనుంచి ఎంత పాలిష్ పట్టినా పోవు. లేత్ మీద మళ్లీ కోయించాలి. ప్రతి కోతకూ కొంత లోహం పోతుంది కాబట్టి ఎన్నిసార్లయినా చేయించుకోలేరు. ఆమ్లం ఉన్న క్లీనర్లు, వేడిగా ఉన్న చక్రాన్ని కడగడం రెండూ మానండి.

పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కరిగించే పూత) చేయిస్తే ముందే గట్టిగా చెప్పాల్సింది: హబ్ ముఖం, మధ్య రంధ్రం, నట్ల గుంటలు మూసి ఉంచాలి. నట్టు బిగించినప్పుడు స్టడ్ సాగేది మిల్లీమీటరులో పదోవంతు అటూ ఇటూ. ఆ సాగుడే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. పౌడర్ పూత మందమూ దాదాపు అంతే, 60 నుంచి 100 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మి.మీ.). గుంటలో పూత ఉంటే నాలుగు రోజుల్లో అది నలిగి పక్కకు జారుతుంది, స్టడ్ సాగుడు అంతా పోతుంది, నట్టు వదులవుతుంది. రంగు వేయించిన రిమ్ము చేతికి రాగానే నట్టు కూర్చునే చోట గోటితో గీకి చూడండి. రంగు ఊడొస్తే, అది పూర్తిగా తీయించేదాకా కారుకు ఎక్కించనివ్వకండి.

ప్రేమతో,
మీ పెదనాన్న