సాలీడు కాటుకు తైలం పనిచేస్తుందా?

చెన్నైలో ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలు మొదలై, ట్యూబులైటు చుట్టూ పురుగులు ముసిరే రోజుల్లో, మా మాంబళం ఇంట్లో ఎవరి మెడ మీదనైనా తెల్లవారేసరికి ఎర్రటి చార తేలితే, ‘సాలీడు పాకింది’ అంటూ మా అత్తగారు నీలగిరి తైలం సీసా అందుకుంటారు. ఈమధ్య ఆ సీసా పక్కన లావెండరు, టీ ట్రీ నూనెలు కూడా చేరాయి.

అటువంటి చార చాలాసార్లు పెడెరస్ అనే పురుగు వల్ల వస్తుంది. నలుపు, నారింజ రంగుల పట్టీలతో చీమంత సన్నగా ఉండే ఈ పురుగు కుట్టదు, కరవదు. దీపం వెలుగుకు వచ్చి ఒంటి మీద వాలినప్పుడు మనం నలిపేస్తే, దాని శరీరంలోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుకొని, మర్నాటికో ఆ మర్నాటికో కాలినట్లు పొక్కుతుంది. వెంటనే సబ్బునీళ్లతో కడగాలి. తైలం పోసి రుద్దితే ఆ విషం పక్కకు పాకుతుంది, రేగిన చర్మం మరింత మండుతుంది.

నిజంగా సాలీడే కరిచినా, ఇళ్లలో తిరిగే సాలీళ్లలో చాలావాటి కాటు కొద్దిపాటి వాపుతో దానంతట అదే తగ్గిపోతుంది. ఆ తగ్గుదల ఖ్యాతి తైలానికి దక్కుతోంది. నీలగిరి తైలంలోని సినియోల్ అనే పదార్థం, చర్మంలో చలిని పసిగట్టే గ్రాహకాలను తట్టిలేపుతుంది కనుక హాయిగా అనిపించడం నిజమే. కానీ విషం చర్మం పైపొరను దాటి లోపలికి దిగిపోయి ఉంటుంది. బ్లాక్ విడో వంటి లాట్రొడెక్టస్ జాతి సాలీళ్ల విషంలోని ఆల్ఫా లాట్రోటాక్సిన్ అనే పెద్ద ప్రోటీను నరాల కొసలను పట్టుకొని, అక్కడ నిల్వ ఉన్న రసాయనాలను ఒక్కసారిగా కుమ్మరింపజేయడం వల్లనే తీవ్రమైన నొప్పి, చెమటలు, కండరాల బిగుతు కలుగుతాయి. పైన పూసిన తైలం ఆ ప్రోటీనును విరుస్తుందనడానికి ఆధారం లేదు. టీ ట్రీ నూనె ప్రయోగశాలలో కొన్ని సూక్ష్మజీవులను చంపుతుంది గాని, అది విషానికి విరుగుడు కాదు. పైగా మూత తీసి నెలల తరబడి మన ఎండవేడిలో ఉంచిన నూనె గాలి సోకి మారిపోయి, చర్మానికి అలర్జీ తెచ్చే అవకాశం పెరుగుతుంది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది పసిపిల్లల సంగతి: నీలగిరి తైలం కొద్ది మిల్లీలీటర్లు మింగినా వారికి మూర్ఛ రావచ్చు.

కాటును సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు ఉంచితే చాలు. నొప్పి ఒళ్లంతా పాకినా, కండరాలు పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా, కరిచిన చోట చర్మం నల్లబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వీలైతే ఆ సాలీడు ఫోటో తీసుకువెళ్లాలి. పాముకాటుకు ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు తయారైనది కనుక సాలీడు కాటుకు అది పనికిరాదు.