మెట్ల వరిమడుల్లో నీళ్లెలా నిలుస్తాయి?

చైనాలోని యునాన్ కొండల్లో హానీ తెగవాళ్ల మెట్ల వరిమడులు చూడాలనుకుంటే డిసెంబరు, మార్చి మధ్య వెళ్లడం మంచిది. అప్పుడు పైరు ఉండదు. కోతలు ఎప్పుడో అయిపోయి, మడుల నిండా నీళ్లే ఉంటాయి. పొద్దున్నే ఆకాశం రంగులన్నీ వాటిలో పడతాయి. మనం చూసే ఫొటోల్లో చాలావరకు అప్పుడు తీసినవే.

పంట లేనప్పుడు నీళ్లెందుకు? మట్టి గట్టు ఎండితే బీటలు వారుతుంది. మళ్లీ నీళ్లు పెట్టగానే ఆ బీటల్లోకి నీరు దిగి గండి పడుతుంది. పై మడి తెగితే ఆ నీళ్లు ఒక్కసారిగా కింది మడి మీద పడి దాన్నీ తెంచుతాయి. అందుకే గట్టును ఏడాది పొడవునా తడిగానే ఉంచుతారు. నీళ్లు అడుగుకి ఇంకిపోకుండా కాపాడేది దమ్ము, అంటే మడిలో నీళ్లు నిలిపి బురదగా దున్నడం. నీళ్లలో దున్ని తొక్కిస్తే మట్టి గడ్డలు విడిపోతాయి, సన్నటి బంకమన్ను మట్టి సందులను పూడ్చేస్తుంది. తొక్కిన కొద్దీ అడుగున గట్టి పొర కడుతుంది.

ఇంత నీరు పైకి తోడేది ఎవరూ లేరు. లోయలోంచి లేచిన తేమ కొండ మీద చల్లబడి పొగమంచుగా, వానగా అడవిలో పడుతుంది. అడవి నేల దాన్ని పట్టి ఉంచి ఊటలుగా వదులుతుంది. అడవి కింద ఊరు, ఊరి కింద మడులు, అట్టడుగున నది. ఊళ్లో పోగైన పశువుల ఎరువును కూడా కాలువ నీళ్లలో కలిపి మడులకు వదులుతారు. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది మాత్రం నీళ్లు పంచుకునే పద్ధతే. కాలువకు అడ్డంగా గాట్లు పెట్టిన దుంగ ఉంటుంది. గాటు ఎంత వెడల్పో, దానిలోంచి నీరందే పిల్లకాలువకు వాటా అంత. నీరు తగ్గితే అందరికీ అదే లెక్కన తగ్గుతుంది. యునెస్కో 2013లో ఈ మడులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ ఏర్పాటంతా లెక్కలోకి తీసుకుంది.

ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో మెట్లకు ఆ గుర్తింపు 1995లోనే వచ్చింది. అక్కడ చాలా గోడలు రాతివి, పైన అడవిని కుటుంబాలే కాపాడుకుంటాయి. అయినా పనిచేసే చేతులు తగ్గి, కాలువలు, గోడలు దెబ్బతిని, 2001 నుంచి 2012 దాకా ఆ మెట్లు ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో ఉన్నాయి.

పనిచేసే చేతులు ఉంటేనే మడులు నిలుస్తాయి. కాబట్టి వెళ్లినప్పుడు అక్కడి రైతు ఇంట్లోనే బస చేయండి, వాళ్ల బియ్యమే కొనండి. కొత్తగా మెత్తిన మట్టి గట్టు మీద మాత్రం ఫొటో కోసమైనా కాలు పెట్టకండి. అది ఇంకా గట్టిపడలేదు.