గుమ్మం దగ్గర పెట్టే బిస్కెట్టు

కందుకూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. వాళ్ళింట్లో షిట్జూ అనే చిన్నజాతి కుక్కపిల్ల ఉందట, మూడు నెలలది. పొద్దున్నే వాకిట్లోకి తీసుకెళ్తే మొక్కల దగ్గర వాసన చూస్తూ చాలాసేపు తిరుగుతుంది, ఏమీ చెయ్యదు. లోపలికి తెచ్చి దించగానే హాల్లో నల్ల గ్రానైటు మీద ఒంటికి పోస్తుంది. ఎప్పుడైనా బయటే పని కానిస్తే ఇంట్లోకి తెచ్చి బిస్కెట్టు కూడా పెడుతున్నారు. అయినా మార్పు లేదు. "దానికి బుర్ర లేదా, మాకు చేతకావడం లేదా?" అని ఆవిడ ప్రశ్న.

రెండూ కాదు. బిస్కెట్టు మంచిదే, అది అందుతున్న చోటే తప్పు. వాకిట్లో పని కానిచ్చిన పిల్లని ఎత్తుకుని, మెట్లెక్కి, తలుపు వేసి, వంటింట్లో డబ్బా మూత తీసేసరికి కనీసం అర నిమిషం పడుతుంది. మనకి అదొక లెక్కలోది కాదు. కుక్కపిల్ల మెదడుకి మాత్రం ఆ అర నిమిషంలో బోలెడు సంగతులు జరిగిపోయాయి. బిస్కెట్టు దేనికి వచ్చిందో అది ఎలా తేల్చుకోవాలి?

పావ్లోవ్ గంట కథ అందరూ బళ్ళో చదివిందే కాబట్టి వదిలేస్తున్నాను. ఈ "దేనికి వచ్చింది" అన్న ప్రశ్నే నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కృత్రిమ మేధకి పునాదులు వేసినవాళ్ళలో ఒకరైన మార్విన్ మిన్‌స్కీ 1961లోనే దీన్ని పెద్ద సమస్యగా గుర్తించాడు. ఒక గెలుపు వెనక వంద పనులుంటే, ఆ గెలుపుని ఏ పని పేరున జమ చెయ్యాలి?

సాయంత్రం రద్దీగా ఉన్న కిరాణా కొట్టుని ఊహించుకోండి. కొట్టాయన ముందు ఖాతా పుస్తకం తెరిచి ఉంటుంది. డబ్బు చేతిలో పడ్డ క్షణాన ఎవరి పేజీ తెరిచి ఉంటే జమ ఆ పేజీలోనే పడుతుంది. అర నిమిషం ఆలస్యంగా వచ్చిన డబ్బు వేరే వాళ్ళ పేజీలోకి పోతుంది. కుక్కపిల్ల మెదడులో పేజీలు క్షణక్షణానికీ తిరిగిపోతుంటాయి. వాకిట్లో మూత్రం పోయడం ఒక పేజీ. మనిషి ఎత్తుకోవడం ఇంకో పేజీ. గుమ్మం దాటడం, కాళ్ళకింద చల్లటి గ్రానైటు తగలడం మరో పేజీ. మనం పెట్టిన బిస్కెట్టు ఆ చివరి పేజీలో జమ అయింది. అంటే ఆవిడ ఇన్నాళ్ళూ దానికి నేర్పింది ఇంట్లోకి రావడం. అది చక్కగా నేర్చుకుంది కూడా.

ఇది మాటవరసకి చెప్పే పోలిక కాదు, మెదడు కణాల్లో ఆ పేజీ నిజంగానే ఉంది. స్విట్జర్లాండులో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే నాడీశాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలని ఏళ్ళ తరబడి గమనించాడు. అనుకోకుండా పళ్ళరసం చుక్క నోట్లో పడితే ఆ కణాలు ఒక్కసారి గట్టిగా స్పందించేవి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలుగుతుంటే, కొన్నాళ్ళకి స్పందన రసం దగ్గర్నుంచి దీపం దగ్గరికి జరిగింది. దీపం వెలిగీ రసం రాకపోతే, సరిగ్గా రావలసిన క్షణాన ఆ కణాలు మౌనం వహించేవి. 1997లో పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి షుల్ట్జ్ దీనికి లెక్క కట్టాడు. డోపమైన్ చెప్పేది ఆనందం సంగతి కాదు, అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడా.

మరి ఆ డోపమైన్ ఏ పేజీలో రాయాలో ఎలా తెలుసుకుంటుంది? 2014లో టోక్యోలో హరువో కసాయ్ బృందం చిట్టెలుకల మెదడు పొరల (పల్చగా కోసిన ముక్కల) మీద చేసిన ప్రయోగం దీనికి జవాబిచ్చింది. స్ట్రయేటమ్ అనే భాగంలో నాడీకణాల కొమ్మల మీద సన్నటి మొటిమల్లాంటి స్పైన్‌లు ఉంటాయి. ఒక్కో స్పైన్ ఒక్కో అనుసంధానం. వాళ్ళు ఒకే ఒక్క స్పైన్‌కి గ్లూటమేట్ అనే రసాయనం అందించారు, అంటే "ఈ పని జరిగింది" అన్న సంకేతం ఇచ్చారు. తర్వాత రకరకాల వ్యవధుల్లో డోపమైన్ విడుదలయ్యేలా చేశారు. 0.3 నుంచి 2 సెకన్ల లోపు డోపమైన్ అందితేనే ఆ స్పైన్ పెద్దదయింది. ముందుగా వచ్చినా, ఆలస్యంగా వచ్చినా పెరగలేదు. గ్లూటమేట్ వల్ల లోపలికి వచ్చిన కాల్షియం ఒక ఎంజైమును సిద్ధం చేసి ఉంచుతుంది. డోపమైన్ సైక్లిక్ ఏఎమ్‌పీ అనే కబురు మోసే అణువుని పెంచి పీకేఏ అనే ఇంకో ఎంజైమును లేపుతుంది. కానీ సన్నటి కొమ్మల్లో సైక్లిక్ ఏఎమ్‌పీని విరగ్గొట్టే ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైము దండిగా ఉంటుంది కాబట్టి ఆ మెలకువ ఎక్కువసేపు నిలవదు. రెండూ ఒకే సమయంలో కలిస్తేనే రాత పడుతుంది.

చిట్టెలుక మెదడు పొర వేరు, వాకిట్లో తిరిగే కుక్కపిల్ల వేరు, నిజమే. అయినా కుక్కలకి శిక్షణ ఇచ్చేవాళ్ళు "వెంటనే, వెంటనే" అని అంత గట్టిగా ఎందుకు చెబుతారో ఆ రెండు సెకన్లు చూస్తే అర్థమవుతుంది. కాబట్టి బిస్కెట్టు డబ్బాలో కాదు, మీ జేబులో ఉండాలి. పిల్ల పని పూర్తిచేసి లేవబోతున్న క్షణాన, అదే మట్టి మీద, దాని నోటికి అందాలి. చేతికి అందకపోతే ఒక మాట సాయపడుతుంది. రోజూ కొన్నిసార్లు "గుడ్" అనగానే బిస్కెట్టు పెడుతుంటే, షుల్ట్జ్ కోతులకి దీపం ఎలాగో ఈ పిల్లకి ఆ మాట అలా అవుతుంది. అప్పుడు ఆ మాటే సమయానికి వెళ్ళి సరైన పేజీలో జమ వేస్తుంది, బిస్కెట్టు కాస్త వెనకాల వచ్చినా ఫరవాలేదు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. అమ్మమ్మ "శభాష్" అని, పిల్లలు "గుడ్" అని అంటే రెండు దీపాలవుతాయి. అన్నట్టు, మన ఇళ్ళలో కుక్కతో ఇంగ్లీషే మాట్లాడాలని ఒక నమ్మకం ఉంది. దానికి ఏ భాషైనా ఒకటే. అది వినేది చప్పుడునీ, స్వరాన్నీ.

ఇక్కడే ఇంకో చిక్కు. మనం పెట్టే బిస్కెట్టు ఆలస్యమవ్వచ్చు గానీ, నిండిన మూత్రాశయం ఖాళీ అయిన హాయి క్షణం కూడా ఆలస్యం కాదు. హాల్లో గ్రానైటు మీద పోసిన ప్రతిసారీ ఆ పేజీలో అప్పటికప్పుడే జమ పడిపోతుంది, మనం చూసినా చూడకపోయినా. అందుకే "నెమ్మదిగా అదే నేర్చుకుంటుందిలే" అని వదిలేయడం నాకు నచ్చదు. నేర్చుకుంటూనే ఉంది, మనకి కావలసింది కాదు, అంతే. మొదటి కొన్ని వారాలు పిల్లని ఇల్లంతా తిరగనివ్వకుండా చిన్న కంచెలోనో, మన కళ్ళెదుటో ఉంచడం దానికి శిక్ష కాదు. తప్పుడు జమలు పడకుండా ఆపడం.

చిన్నజాతి పిల్లలతో ఇది మరీ కష్టం. కారణం వాటి మొండితనం అనుకుంటారు, నిజానికి లెక్కే అలా ఉంది. జంతువు ఖర్చు చేసే శక్తి బరువుతో సమానంగా పెరగదు, బరువు ముప్పావు ఘాతంతో పెరుగుతుందని 1932లో మాక్స్ క్లైబర్ చూపించాడు. ఆ సూత్రం ప్రకారం 2 కిలోల కుక్కకి కిలోకి కావలసిన శక్తి, 32 కిలోల కుక్కతో పోలిస్తే సరిగ్గా రెట్టింపు. తిండీ నీళ్ళూ కూడా ఆ మేరకే ఎక్కువ, మూత్రమూ ఎక్కువే. మూత్రాశయం మాత్రం ఒంటికి తగ్గట్టు చిన్నదే. ఎన్ని నెలల పిల్లయితే దానికి ఒకటి కలిపి అన్ని గంటలు ఆపుకోగలదని ఒక వాడుక లెక్క ఉంది. పొమేరియన్, షిట్జూలకి పగటిపూట అంతకంటే తక్కువే అనుకోండి. లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ఆపగానే తీసుకెళ్ళాలి. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం అసంకల్పిత చర్య, దాని సమయం మనం ముందే చెప్పగలం. పైగా చిన్న కుక్క పోసేది చెంచాడే కాబట్టి సోఫా వెనక ఎన్ని మరకలున్నా వెంటనే కనపడవు. లాబ్రడార్ పోస్తే ఇల్లంతా తెలిసిపోతుంది.

గ్రానైటు సంగతి కూడా చెప్పాలి. పుట్టిన కొత్తలో కుక్కపిల్లలు తమంతట తాము ఒంటికి పోయలేవు, తల్లి నాకితేనే పోస్తాయి. మూడో వారం దాటాక పడుకునే చోటు వదిలి పక్కకెళ్ళి పోయడం మొదలుపెడతాయి. రెండు నెలల వయసుకల్లా కాళ్ళకింద ఏ నేల తగిలితే అదే దొడ్డి అన్న అభిరుచి గట్టిపడుతుంది. అమ్మకానికి పెంచిన పిల్లలు ఆ రోజులన్నీ టైల్స్ మీదో సిమెంటు మీదో గడిపి ఉంటాయి. గ్రానైటుకి పేరుపడ్డ చీమకుర్తికి దగ్గర్లో, హాలంతా నున్నటి గ్రానైటు పరిచిన ఇంటికి అలాంటి పిల్ల వస్తే, ఇల్లే దానికి తెలిసిన దొడ్డి. గడ్డి మీద తిరిగి తిరిగి లోపలికి వచ్చి పోయడానికి ఇదీ ఒక కారణం. ఒక వెడల్పాటి ట్రేలో ఇసుకో, మట్టితో పాటు తవ్విన గడ్డి చెక్కో వేసి వరండాలో పెట్టండి. నెల్లూరు వాళ్ళకి పెన్న ఇసుకకి కొదవ లేదు. మన నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. తుపాను రోజుల్లో ఏ చిన్న కుక్కా తడినేల మీద కాలు పెట్టదు, అప్పుడీ ట్రేనే దిక్కు. టీకాల వరస పూర్తయ్యేదాకా, అంటే ఇంచుమించు నాలుగు నెలలు నిండేదాకా, వీధికుక్కలు తిరిగే చోట పిల్లని దించకపోవడమే మంచిది. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది.

మరకని ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకే శుభ్రం. మూత్రంలోని యూరియాని బాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. పాలిష్ రాయి పెద్దగా పీల్చుకోదు గానీ రాళ్ళ మధ్య సిమెంటు సందులు పీల్చుకుంటాయి. ఎంజైములున్న క్లీనర్ ఆ సందుల్లో పోసి కాసేపు వదిలేయాలి. మూత్రం మీద బ్లీచింగు చల్లకండి, క్లోరమైన్ అనే ఘాటైన విషవాయువు పుడుతుంది.

ఇక దెబ్బలు. ముక్కుని మూత్రంలో రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం మన దగ్గర ఇంకా శిక్షణ కిందే చలామణి అవుతున్నాయి. ఆఫీసు నుంచి వచ్చి గంట క్రితం మరకకి కొడితే ఆ దెబ్బ ఏ పేజీలో పడుతుంది? తలుపు తీసి ఇంట్లోకి వచ్చిన మనిషి పేజీలో. "కాదండీ, దానికి తప్పు తెలుసు, తల వంచుకుంటుంది" అంటారు. 2009లో కుక్కల ప్రవర్తనని పరిశోధించే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ దీన్ని పరీక్షించింది. తినొద్దన్నది కుక్క తిన్నదా లేదా అన్న విషయంలో యజమానులకి కొన్నిసార్లు కావాలనే తప్పు చెప్పింది. తప్పుచేసిన చూపు, తప్పు చేసినందుకు రాలేదు, యజమాని తిట్టినందుకు వచ్చింది. ఏమీ తినకుండానే తిట్లు పడ్డ కుక్కల్లో అది ఇంకా ఎక్కువ కనిపించింది. మనిషి పిల్లవాడికైతే "నిన్న చేసినదానికి ఇది" అని మాటతో పాత పేజీ తెరిచి చూపగలం. అలాంటి పిల్లలకే స్లిప్ టెస్టు పేపర్లు నెలన్నర తర్వాత దిద్ది ఇస్తే ఏం ఉపయోగమని నాకు ఎప్పుడూ బాధ. ఇక మాటే లేని కుక్కపిల్ల ఏం చేస్తుంది?

రాత్రి కుక్క ఏడిస్తే కీడని, కొత్తగా వచ్చిన పిల్లని దూరంగా షెడ్డులో కట్టేసేవాళ్ళున్నారు. తల్లినీ తోబుట్టువులనీ వదిలి వచ్చిన పసిది ఒంటరిగా ఉంటే ఏడవక ఏం చేస్తుంది? రెండు గంటలప్పుడు ఏడ్చిందంటే చాలాసార్లు ఒంటికి వస్తుందని అర్థం. ఆ ఏడుపు విని లేచి ట్రే దగ్గరికి తీసుకెళ్తే, అడగడమనే పేజీలో జమ పడుతుంది. ఇంతకంటే విలువైన పాఠం ఇంకోటి లేదు.

మాట వినడం నేర్పేటప్పుడూ ఇదే లెక్క. "సిట్" అంటే కూర్చుంటుంది, మనం జేబులో వెతికేలోపు లేచి ఎగురుతుంది, అప్పుడు పెడతాం. ఎగరడం నేర్పినట్టే. "రా" అని పిలిచి స్నానం పోస్తే, లేదా తిడితే, ఆ మాట పేజీలో అప్పే మిగులుతుంది. ఇష్టంలేని పనికి పిలవకండి, మీరే వెళ్ళి తెచ్చుకోండి. చిన్నజాతికి నేర్పేటప్పుడు నేల మీద కూర్చోవడం మేలు, మీదకి వంగే మనిషి దానికి కొండంత కనిపిస్తాడు.

బిస్కెట్టు ముక్క శనగ గింజంత చాలు. పొడిగా చప్పగా ఉండే బిస్కెట్టు కంటే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం బాగా పనిచేస్తుంది. శిక్షణ కోసం ఆకలితో మాడ్చడం మాత్రం వద్దు. బుల్లి పిల్లల కాలేయంలో గ్లైకోజన్ (దాచుకున్న చక్కెర) నిల్వ తక్కువ, ఒకటి రెండు పూటలు తినకపోతే చక్కెర పడిపోయి వణుకు, ఫిట్స్ రావచ్చు. చేపల పులుసు ముక్క ముద్దుగా పెట్టేవాళ్ళకి ఒక మాట. ఉల్లిపాయ కుక్క ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలని దెబ్బతీయడానికి టార్టారిక్ ఆమ్లమే కారణమని ఈ మధ్య పరిశోధకులు అనుమానిస్తున్నారు, చింతపండు తిన్న కుక్కలకీ అదే జరిగిన సందర్భాలు నమోదయ్యాయి.

మనిషి దగ్గరికి రాగానే ఒళ్ళు ముడుచుకుని రెండు చుక్కలు వదిలే పిల్లకి మాత్రం ఇదేదీ వర్తించదు. అది భయంతో చేసేది, దొడ్డి అలవాటుతో సంబంధం లేదు, దాన్ని పట్టించుకోనట్టు పక్కకి తిరిగి కూర్చోవాలి. బాగా అలవాటైన కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తున్నా, మాటిమాటికీ కూర్చుని కొంచెం కొంచెమే పోస్తున్నా, ట్రైనింగు సంగతి పక్కనబెట్టి పశువుల డాక్టరు దగ్గర మూత్ర పరీక్ష చేయించండి.