రెండు లైన్లు, ఒకే స్తంభం

బ్రాడీపేట, గుంటూరు

చిన్నోడికీ బుజ్జికీ ఆశీస్సులు.

మీరు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. విజయవాడ ఆటోనగర్‌లో మీ స్పేర్‌పార్ట్స్ షాపు ఒక పక్క, గొల్లపూడి గోడౌన్ ఇంకో పక్క, మధ్యలో ఇంటర్నెట్ అని ఒక మేఘం. రెండు నెట్ లైన్లు, లైన్‌ను లోపలికి అందించే రౌటర్లు రెండు, కంప్యూటర్లను కలిపే స్విచ్‌లు రెండు. కింద ఎర్ర ఇంకుతో ‘హై అవైలబిలిటీ’, అంటే ఆగకుండా నడవడం. బాగా గీశారు, కాలేజీలో మార్కులు పడతాయి. మీ నాన్న షాపులో నెట్ ఆగకుండా ఉంటుందా అంటే మాత్రం ఈ బొమ్మను బట్టి చెప్పలేను. ఎందుకో ఫోన్లో చెబితే ‘ఊఁ, ఊఁ’ అని పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను.

ముందు పరికరాలు పక్కన పెట్టి మీ నాన్నను ఒక మాట అడగండి. నెట్ పోతే ఏ పని ఆగుతుంది, ఎంతసేపు ఆగితే తట్టుకోగలరు? కౌంటర్లో నాలుగు బేరింగులు కొనే మెకానిక్‌కి చేత్తో బిల్లు రాసివ్వొచ్చు. డబ్బులు అతని ఫోన్‌లోంచి అతని సిమ్ మీదే వస్తాయి. కానీ 50,000 రూపాయలు దాటిన సరుకు లారీ ఎక్కాలంటే ఈ-వే బిల్లు కావాలి. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్లయితే, 2023 ఆగస్టు 1 నుంచి సాటి వ్యాపారులకు ఇచ్చే బిల్లుకు ఈ-ఇన్వాయిస్ కూడా తీయాల్సిందే. రెండూ జీఎస్టీ పోర్టళ్ల నుంచే, అంటే నెట్ మీదే రావాలి. గొల్లపూడిలో లోడింగ్ అయిపోయి, డ్రైవర్ తాడు బిగించి సీట్లో కూర్చున్నాక నెట్ పోతే మీ నాన్నకు ఎంత టెన్షనో నేను చెప్పక్కర్లేదు. మీరు కాపాడాల్సింది ఆ గంటని. సీసీ కెమెరాల బొమ్మ ఫోన్లో కనపడకపోతే కొంప మునగదు.

మీ పుస్తకంలో తొమ్మిదుల లెక్క ఉండే ఉంటుంది. 99 శాతం పనిచేస్తుందంటే వినడానికి బాగుంటుంది గానీ ఏడాదిలో మూడున్నర రోజులకు పైనే ఆగినట్టు. 99.9 అంటే ఎనిమిదిముప్పావు గంటలు. 99.99 అంటే 52 నిమిషాలు. 99.999 అంటే 5 నిమిషాల చిల్లర. ఒక్కో తొమ్మిది చేర్చినప్పుడల్లా ఖర్చు ఎగబాకుతుంది. ఐదు తొమ్మిదులు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల వాళ్ల లెక్క. స్పేర్‌పార్ట్స్ షాపుకు మూడు చాలు, నన్నడిగితే. అదైనా ఆ ఎనిమిది గంటలూ ఒకేరోజు లారీలు కదిలే వేళకు వచ్చి పడకుండా చూసుకోవాలి.

ఇప్పుడు మీ బొమ్మలోకి వద్దాం. ఒకదాని వెనక ఒకటి ఉన్నవాటి శాతాలను గుణించాలి. లైన్ వచ్చి చేరే మోడెం, రౌటర్, చొరబాట్లను ఆపే ఫైర్‌వాల్, స్విచ్ నాలుగూ తలా 99 శాతం అనుకుంటే మొత్తం 96 శాతమే, అంటే ఏడాదిలో పధ్నాలుగు రోజులు పోయినట్టు. అదే పక్కపక్కన రెండు పెడితే లెక్క తిరగబడుతుంది. ఒక్కోటీ వందలో ఒకసారి పోయేదైతే, రెండూ ఒకేసారి పోవడం పదివేలలో ఒకసారే. 99 కాస్తా 99.99 అయిపోతుంది. మీరు బొమ్మ కింద వేసిన లెక్క ఇదే. గుణకారం తప్పు లేదు. కానీ ఒకటి పోవడానికీ రెండోది పోవడానికీ సంబంధం లేనప్పుడే అది చెల్లుతుంది. బొమ్మ మీద వాటికి సంబంధం లేదు. వీధిలో ఉంటుంది.

ఇక్కడ గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రికి రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ ఉండేది. ల్యాబ్ రిపోర్టులు, మందుల కౌంటర్, బిల్లింగ్ అంతా నెట్ మీదే. ఒకరోజు రెండూ కలిసి పోయాయి. నన్ను పిలిస్తే వెళ్లి మేడ మీదికెక్కి వైరు పట్టుకుని వెనక్కి వచ్చాను. నల్లటి సన్నటి వైర్లు రెండూ పిట్టగోడ దిగి ఒకే కన్నంలోంచి లోపలికి పోతున్నాయి. బయట రెండూ ఒకే కరెంటు స్తంభం మీద, ఒకే ఇనుప కొక్కేనికి, ప్లాస్టిక్ ట్యాగ్‌తో కలిపి కట్టి ఉన్నాయి. స్తంభం కింద మురుగు కాల్వ తవ్వుతున్న జేసీబీ చెయ్యి పైకి లేచినప్పుడు కొక్కెంతో సహా లాగేసింది. ఇద్దరికీ నెలనెలా డబ్బు కడుతున్నారు, బిల్లులు రెండు వస్తున్నాయి, లైను మాత్రం ఒక్కటే. లోపలికెళ్లి చూస్తే రెండు కంపెనీల డబ్బాలూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి ఉన్నాయి. జేసీబీ రాకపోయినా, ఊడ్చే మనిషి కాలు తగిలినా రెండూ ఆరిపోయేవే.

విజయవాడ నుంచి మంగళగిరి వైపు రావాలంటే బ్యారేజీ మీద బండ్లు ఆపినా వారధి ఉంది కదా అనుకుంటాం. కానీ బస్టాండు దగ్గరే ట్రాఫిక్ బిగుసుకుంటే రెండు దారులుండీ లాభం లేదు. మీ రెండు లైన్లూ ఎక్కడ కలుస్తున్నాయో వెతకడమే అసలు పని. కంపెనీ పేర్లు వేరైనంత మాత్రాన ఫైబర్ వేరని కాదు, ఒకరి ఫైబర్‌ను ఇంకొకరు అద్దెకు తీసుకోవడం మామూలే. అడిగితే సేల్స్ కుర్రాడు ‘పూర్తిగా సెపరేట్ సార్’ అంటాడు. రూట్ మ్యాప్ ఇమ్మని అడగండి, అప్పుడు తెలుస్తుంది.

ఫైబర్‌కి తోడుగా 4జీ, 5జీ సిమ్ పెట్టే రౌటర్ ఒకటి ఉంటే మంచిది. దారే వేరు కాబట్టి జేసీబీ భయం తగ్గుతుంది. తగ్గుతుందంతే. టవర్ నుంచి వెనక్కి వెళ్లేది చాలాచోట్ల ఫైబరే మరి. గోడౌన్‌కీ షాపుకీ మధ్య నేరుగా వైర్‌లెస్ డిష్‌లు పెడదామని చిన్నోడు రాశాడు. ఎగువన గొల్లపూడి, దిగువన ఆటోనగర్ అని కాగితం మీద గీస్తే సరిపోదురా. మధ్యలో ఇంద్రకీలాద్రి వరస కొండలు అడ్డం. డిష్‌కి డిష్ కనపడాలి.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునగడం మీరు కళ్లారా చూశారు. కింద అంతస్తులో ఒకే ర్యాక్‌లో రెండు రౌటర్లు పెడితే నీళ్లు రెండింటినీ ఒకేసారి పలకరిస్తాయి. ర్యాక్ పై అంతస్తుకి మార్చడానికయ్యే ఖర్చు వడ్రంగి కూలీ, కాస్త వైరు. రెండో రౌటర్ కొనే ముందు చేయాల్సింది అదీ.

రౌటర్ల విషయానికొస్తే, రెండు పెట్టగానే ఒకటి పోతే రెండోది దానంతటది అందుకోదు. వీఆర్‌ఆర్‌పీ అనే పద్ధతి ఉంది. రెండూ కలిపి ఒకే నెట్‌వర్క్ అడ్రస్‌ను పంచుకుంటాయి. షాపులో కంప్యూటర్లకు గేట్‌వేగా, అంటే బయటికి పోయే దారిగా, ఆ అడ్రసే ఇస్తాం. మొదటి రౌటర్ సెకనుకోసారి ‘నేనున్నాను’ అని చెబుతూ ఉంటుంది. మూడు సెకన్ల పైన మాట వినపడకపోతే రెండోది పగ్గాలు తీసుకుంటుంది. చక్కగా ఉంది కదా? ఇందులో ఒక తిరకాసుంది. రౌటర్ బతికే ఉండి దాని వెనక లైన్ చచ్చిపోయిందనుకోండి, ‘నేనున్నాను’ ఠంచనుగా వెళ్తూనే ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. అందుకని బయట ఎక్కడో ఉన్న అడ్రస్‌ను పింగ్ చేసి, అంటే పలకరించి జవాబు వస్తోందో లేదో చూసుకోమని రౌటర్‌కి చెప్పాలి. ఒక్క అడ్రస్ సరిపోదు, ఆ ఒక్కటే ఆగిపోతే బాగున్న లైన్‌ను వదిలేస్తుంది. పోయిన లైన్ తిరిగి రాగానే వెంటనే దూకకుండా కొన్ని నిమిషాలు ఆగమని కూడా చెప్పాలి. వచ్చీపోయే లైన్‌తో అటూఇటూ మారుతుంటే బిల్లు సగంలో తెగుతుంది.

స్విచ్‌ల దగ్గర ఇంకో ప్రమాదం. రెండు స్విచ్‌ల మధ్య, ఒకటి తెగినా ఇంకోటి ఉంటుందని, రెండు వైర్లు గీశారు. ఈ వైర్ల మీద నడిచే ఈథర్‌నెట్ పద్ధతిలో ప్యాకెట్‌కి, అంటే డేటా ముక్కకి, ఆయుష్షు లెక్క లేదు. అందరికీ వెళ్లాల్సిన బ్రాడ్‌కాస్ట్ ఒకటి ఈ చుట్టులో పడితే ఆగదు, తిరుగుతూ పెరుగుతుంది, కాసేపట్లో ర్యాక్‌లో దీపాలన్నీ ఒకే వేగంతో టకటకా కొట్టుకుంటాయి, ఒక్క కంప్యూటర్‌కీ నెట్ ఉండదు. ఆగకూడదని వేసిన రెండో వైరే అంతా ఆపేస్తుంది. దీనికి విరుగుడు స్పానింగ్ ట్రీ. డెక్ అనే కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తుండగా రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ 1985లో కనిపెట్టారు. అదనపు దారిని గుర్తుపట్టి మూసి ఉంచుతుంది, అసలుది తెగితే తెరుస్తుంది. పాతదానికి ముప్పై నుంచి యాభై సెకన్లు పట్టేది, 2001లో వచ్చిన రాపిడ్ రకానికి మామూలుగా ఒకట్రెండు సెకన్లు చాలు. బజార్లో దొరికే చవక స్విచ్‌లు చాలావాటిలో ఇది ఉండదు. కొనేముందు డబ్బా మీద చదవండి.

కరెంటు గురించి రెండే మాటలు. యూపీఎస్ మీద ఉందిలే అనుకుంటారు. బ్యాటరీ మూలన పడి ఉంటుంది, దాన్నెవరూ చూడరు. ఆ సీల్డ్ లెడ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల లెక్కన రాస్తారు, అక్కణ్ణుంచి పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే మన ఊళ్లో, రేకుల షెడ్డు గోడౌన్‌లో, అది ఎన్నాళ్లుంటుందో మీరే లెక్కేసుకోండి.

పెద్దవాళ్లకేం, డబ్బుంది, వాళ్ల నెట్ పోదనుకుంటున్నారా? 2021 అక్టోబరు 4న, మనకు రాత్రి తొమ్మిది దాటాక, ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ కలిసి ఇంచుమించు ఆరు గంటలు ఆగిపోయాయి. వైరు తెగలేదు, దొంగలు పడలేదు. మెయింటెనెన్స్‌లో వాళ్ల మనుషులే ఇచ్చిన ఒక కమాండ్ డేటాసెంటర్ల మధ్య లింకులన్నిటినీ దించేసింది. డేటాసెంటర్లు అందకపోయేసరికి సైటు పేరు చెబితే అడ్రస్ చెప్పే వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లు ‘మా దారి ఇదీ’ అని ప్రపంచానికి చెప్పడం మానేశాయి. బాగుచేద్దామంటే బాగుచేసే టూల్స్ కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నాయి. మనుషులు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. అందుకని మీ రౌటర్‌లోకి దూరం నుంచి వెళ్లడానికి విడిగా ఒక సిమ్ ఉంచండి. సెట్టింగుల కాపీ పెన్‌డ్రైవ్‌లో, లైన్ కంపెనీల కస్టమర్ నంబర్లు కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకు అంటించండి. నెట్ పోయినప్పుడు ఆ నంబర్లు మెయిల్‌లో వెతుక్కునే వాళ్లను చాలామందిని చూశాను.

ఇక ఖర్చు. రెండు స్విచ్‌లూ ఎప్పుడూ నడుస్తూ ఉండాలని మీరు గీశారు. ఈ షాపుకు నాకది అనవసరం అనిపిస్తోంది. ఒకటి నడుస్తూ, అదే మోడల్ రెండోది సెట్టింగులు ఎక్కించి బీరువాలో ఉంటే చాలు. పోతే పదిహేను నిమిషాల్లో గుమస్తా మార్చేస్తాడు, వైర్లకు నంబర్లు అంటించి ఉంటే. మిగిలిన డబ్బుతో గోడౌన్‌కి మంచి యూపీఎస్ వస్తుంది.

ఈ ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు ఇద్దరూ వెళ్లండి. రెండు లైన్లూ వీధిలో ఏ స్తంభం నుంచి వస్తున్నాయో, గోడలో ఎక్కడ దూరుతున్నాయో, ఏ ప్లగ్గులో గుచ్చారో ఫోటోలు తీయండి. తర్వాత మొదటి లైను వైరు పీకి, ఒక బిల్లు కొట్టి చూడండి. ఎన్ని సెకన్లకు తిరిగి వచ్చిందో రాసుకోండి. మళ్లీ పెట్టి, రెండోది పీకండి. ఆ తర్వాత యూపీఎస్‌కి వచ్చే కరెంటు తీసేసి ఎంతసేపు లాగిందో చూడండి. ముందే మీ నాన్నతో చెప్పి చేయండి, లేకపోతే నామీద పడతాడు.

ఫోటోలు వచ్చాక రెండో రౌటర్ ఏది కొనాలో మాట్లాడుకుందాం. ఈలోపు ఆఫర్ ఉందని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయకండి.

మీ పెద్దనాన్న