వికీ మూసలు: అతికింపు వాక్యం ప్రోగ్రామైన తీరు

ఏదైనా పట్టణం గురించిన వికీ పేజీలో జనాభా అంకె సరిచేద్దామని మూలపాఠాన్ని తెరిచిన కొత్త వాడుకరి చాలాసార్లు అక్కడే ఆగిపోతాడు. జంట మీసాల బ్రాకెట్లు, నిలువు గీతలు, సమాన గుర్తులు. వాటి నడుమ ఎక్కడో తాను వెతికే అంకె. ఆ అల్లికంతటినీ సమాచారపెట్టె మూస అంటారు. మూస అంటే ఒకచోట రాసిపెట్టి ఎన్ని పేజీల్లోకైనా రప్పించుకునే అచ్చు; సమాచారపెట్టె అంటే ముఖ్య వివరాలను క్లుప్తంగా చూపే పెట్టె. చదివేవారికి ఎంతో మేలుచేసే ఈ ఏర్పాటు రాసేవారికి ఇంత గడ్డుగా ఎలా మారిందో తెలియాలంటే ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

2001లో వికీపీడియా మొదలైనప్పుడు మూసలు లేవు. 'ఈ వ్యాసం మొలక (చాలా చిన్న వ్యాసం), విస్తరించండి' వంటి వాక్యాన్ని పేజీ పేజీకీ చేత్తో అతికించేవారు. అందులో ఒక మాట మార్చాలంటే ఆ పేజీలన్నీ మళ్లీ తెరవాలి. దీనికి వాడుకరులు ఒక దారి కనిపెట్టారు. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్ పేరు మీడియావికీ. అది తన బొత్తాల పేర్లను, సందేశాలను దాచుకునే 'మీడియావికీ' పేరుబరిలోనే (ఒక రకం పేజీలకు కేటాయించిన విభాగంలోనే) ఆ వాక్యాలను కూడా ఉంచి, చిన్న సంకేతంతో పేజీల్లోకి రప్పించసాగారు. 2004లో మీడియావికీ 1.3 వెర్షన్ వీటికి సొంత చోటు ఇచ్చింది. అదే మూస పేరుబరి. మూసకు పేజీ నుంచి విలువలు అందించే పరామితులు కూడా ఆ వెర్షన్‌తోనే వచ్చాయి.

అసలు మలుపు ఈ పరామితులే. విలువ ఇవ్వగలిగినప్పుడు, ఇవ్వకపోతే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. నదీతీరంలో లేని ఊరి పెట్టెలో 'నది' అనే ఖాళీ వరుస ఎందుకు కనబడాలి? షరతులు పెట్టే వీలు సాఫ్ట్‌వేర్‌లో లేదు. దాంతో మూసలో మూస, దానిలో మరో మూస పేర్చి, 'ఉంటే ఇది, లేకుంటే అది' అనే తర్కాన్ని వాడుకరులే సాధించారు. వాళ్ల పట్టుదలను నేను మెచ్చుకోకుండా ఉండలేను. అయితే అడుగున ఉన్న మూసను ఒక్కసారి మార్చితే దాన్ని వాడే పేజీలన్నిటినీ సర్వర్లు మళ్లీ తయారుచేయాలి. ఈ గొలుసులు వద్దని కొందరు, కావాలని కొందరు ఇంగ్లీషు వికీపీడియాలో తీవ్రంగా వాదించుకున్నారు. 2006లో మీడియావికీ డెవలపర్ టిమ్ స్టార్లింగ్ పార్సర్ ఫంక్షన్లు అనే షరతుల సంకేతాలు రాసి, షరతులను సాఫ్ట్‌వేర్‌లోకే తెచ్చాడు. గొడవ సద్దుమణిగింది కానీ పేజీ అలంకరణ కోసం పుట్టిన వ్యాకరణం ఆనాటి నుంచి ప్రోగ్రామింగ్ భాష పనికి దిగింది. ఆ పనికి అది తగినది కాదు. ఆధారాలను చూపే మూలాల మూసలు వందల కొద్దీ ఉన్న పెద్ద వ్యాసాలు తెరుచుకోవడానికి చాలా సమయం పట్టేది. చివరికి 2013లో స్క్రిబంటో అనే మీడియావికీ పొడిగింపు ద్వారా లువా అనే నిజమైన ప్రోగ్రామింగ్ భాష వికీపీడియాల్లోకి వచ్చింది. వేగం పెరిగింది. మూస లోపల ఏముందో చదవగలిగేవారు మాత్రం ఇంకా తగ్గారు.

మరో చిక్కు భద్రత. లక్షల పేజీల్లో కనిపించే మూసలో ఒక ఆకతాయి మార్పు చేస్తే, అది అన్ని పేజీల్లోనూ కనిపిస్తుంది. అందుకే అలాంటి మూసలకు తాళం వేశారు. ఎవరైనా దిద్దవచ్చన్న వికీలో అన్నిటికంటే ఎక్కువమంది చూసే భాగాలను దిద్దే హక్కు కొద్దిమందికే మిగిలింది. ఆ జాగ్రత్త అవసరమే, అయినా నాకది బాధగానే ఉంటుంది.

చిన్న భాషల వికీలకు కష్టం రెట్టింపు. బొమ్మలను 2004 నుంచి కామన్స్ అనే ఒకే గిడ్డంగి అన్ని భాషలకూ అందిస్తోంది. మూసలకు అలాంటి గిడ్డంగి ఏర్పడలేదు. పెద్ద వికీ నుంచి ఒక సమాచారపెట్టెను తెచ్చుకుంటే దాని ఉపమూసలు, మాడ్యూళ్లు (లువా కోడ్ ఉండే పేజీలు), శైలి పేజీలు అన్నీ వెంట తెచ్చుకోవాలి, పదాలను అనువదించాలి. ఆ తరువాత అక్కడ జరిగిన దిద్దుబాట్లు ఇక్కడికి వాటంతట అవి రావు. నకలు పాతబడుతుంది, ఒకరోజు పేజీ మీద ఎర్ర అక్షరాల్లో లోపం కనబడుతుంది. దాన్ని బాగుచేయగలవారు ఆ వికీలో ఒకరో ఇద్దరో ఉంటారు. గణనలను ఒకేచోట రాసి అన్ని వికీలకూ అందించే ఉద్దేశంతో 2023లో వికీఫంక్షన్స్ మొదలైంది. సమాచారపెట్టెలను మాత్రం ఇప్పటికీ ఏ వికీకి ఆ వికీయే మోసుకుంటోంది.