వేగం రెండింతలు, రాయి అరవై నాలుగింతలు

మహబూబాబాద్ జిల్లా నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా ఒర్రెలో నలుగురం గడ్డపారలు వేసి ఎత్తినా కదలని గుండు, 2024 సెప్టెంబరు వరదకు ఎక్కడో కిందికి పోయి పడింది. నీళ్లు ఎక్కువే వచ్చాయి, కాదనను. కానీ మామూలు వరదకు మూడింతలో నాలుగింతలో వచ్చి ఉంటాయి. అంత బలం ఎక్కడిది?"

ప్రశ్న బాగుంది. అదే వరదకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడిన ఫొటోలు మనమంతా చూశాం. గుండు కథ, కంకర కథ రెండూ ఒక్కటే. వాటర్‌షెడ్ (వాన నీరంతా ఒకే చోటికి పారే నేల) పథకాల్లో కనిపించే గట్లు, కందకాలు, రాతి కట్టల వెనకున్న లెక్క కూడా అదే.

రాయిని నెట్టే బలం నీటి వేగపు వర్గాన్ని బట్టి, నీటికి ఎదురుగా ఉన్న రాయి ముఖాన్ని బట్టి ఉంటుంది. రాయిని నిలిపి ఉంచేది దాని బరువు. రాయి అడ్డుకొలత రెండింతలైతే ముఖం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. ఈ రెంటినీ తూకం వేస్తే, నీరు కదిలించగల రాయి అడ్డుకొలత వేగపు వర్గంతో పెరుగుతుందని తేలుతుంది. బరువు అడ్డుకొలతకు ఘనం కాబట్టి, కదిలే రాయి బరువు వేగానికి ఆరో ఘాతం అవుతుంది. అంటే వేగం రెండింతలైతే ఆరు రెళ్లను వరసగా గుణించినంత, 64 ఇంతలు. 1840లలో విలియం హాప్కిన్స్ అనే కేంబ్రిడ్జి లెక్కల పంతులు దీన్ని తేల్చి చెప్పాడు. పేరుమోసిన శాస్త్రవేత్తలు కెల్విన్‌కు, స్టోక్స్‌కు, మాక్స్‌వెల్‌కు లెక్కలు చెప్పింది కూడా ఈయనే.

ఇప్పుడు అంకెలు వేద్దాం. రైలు కంకర రాయి ఒకటి సుమారు 5 సెంటీమీటర్లు, 170 గ్రాములు. నీటిలో మునిగిందంటే అందులో మూడో వంతుకు పైగా బరువు తేలిపోతుంది. దాన్ని కదిలించడానికి నీరు సెకనుకు మీటరు నుంచి మీటరున్నర దాకా పోతే చాలు. అంటే మనిషి మామూలుగా నడిచే వేగం! అదే నీరు రెండింతల వేగంతో, మనిషి పరుగెత్తినట్టు పోయిందనుకోండి. కదిలే రాయి 64 ఇంతలు, దాదాపు 11 కిలోలు. మూడింతలైతే 729 ఇంతలు, అంటే 125 కిలోల గుండు. మీ ఒర్రెలో నీళ్లు అంత వేగంతో పోయి ఉంటాయి, అంతే. వెనక్కి కూడా లెక్క వేయండి, అసలు సంగతి అక్కడుంది. నడక వేగం సగమైతే కదిలేది 3 గ్రాముల లోపు గులకరాయి. అందులోనూ సగమైతే ముతక ఇసుక రేణువు. వేగంలో సగం లాక్కుంటే వరద చేతిలో ఆయుధం అరవై నాలుగో వంతుకు పడిపోతుంది.

బళ్లో మాత్రం "చెట్లు నరికితే వరదలు వస్తాయి" అని ఒక్క వాక్యం రాయించి మార్కులు వేస్తారు. వానాకాలంలో బడి వరండా అంచున పారే నీళ్లలో ఇసుక, చిన్న కంకర, పెద్ద కంకర వేసి ఏది ఎప్పుడు కదిలిందో పిల్లలకు చూపిస్తే పోయేదేముంది?

నీటి వేగాన్ని ఎలా తగ్గించాలి? నేల మీద పారే నీటి వేగం లోతును, వాలును, నేల గరుకుతనాన్ని బట్టి ఉంటుంది. లోతు అంతే ఉంటే వేగం వాలుకు వర్గమూలంగా మారుతుంది. వాలు నాలుగో వంతైతే వేగం సగం. నూటికి 2 మీటర్ల వాలున్న చేనును నిలువునా దున్నితే ప్రతి చాలూ ఒక కాలువే. అడ్డంగా, నూటికి అరమీటరు వాలు వచ్చేట్టు దున్నితే వేగం సగమవుతుంది, ఆ పైన అరవై నాలుగు లెక్క మామూలే. చాలులో గడ్డి దట్టంగా ఉంటే గరుకుతనం రెండింతలై వేగం మరో సగం తగ్గుతుంది. ఖర్చు? నాగలి తిప్పే దిక్కు మార్చడమే.

ఒర్రె అడుగున వాలు నూటికి 4 ఉందనుకుందాం. మీటరు ఎత్తు రాతి కట్టలు వేయాలంటే కింది కట్ట తల పై కట్ట పాదంతో సమానంగా రావాలి, కాబట్టి 25 మీటర్లకు ఒకటి. నీరు మెట్లు దిగినట్టు దిగుతుంది. ప్రతి మెట్టు కిందా దూకి, సుడి తిరిగి, బలం పోగొట్టుకుంటుంది. ఆ దూకే చోట రాళ్లు పరవకపోతే అక్కడే గొయ్యి పడి కట్ట పాదం కదులుతుంది. కట్ట నడుమ పల్లంగా లేకపోతే నీరు అంచుల పక్కనుంచి ఒడ్డును కోసుకుని పోతుంది. తెగిన చెక్ డ్యాములను దగ్గరికి వెళ్లి చూడండి. చాలాసార్లు గోడ నిక్షేపంలా నిలబడే ఉంటుంది, పోయింది పక్కనున్న మన్ను.

ఆరో ఘాతం సన్న బంకమట్టికి పనికిరాదు. రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి ఊడదీయడం కష్టం, కానీ ఊడాక ఎంత మెల్లని నీటిలోనైనా తేలుతూ పోతాయి. వాటిని ఊడదీసేది ముఖ్యంగా వాన చినుకు. పెద్ద చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో వచ్చి పడుతుంది. అందుకే నల్లరేగడిని వానాకాలంలో బీడుగా వదలడం ప్రమాదం. పైగా రేగడిలో వాలుకు సరిగ్గా అడ్డంగా గట్టు వేస్తే నీరు నిలిచి పైరు ఎర్రబడుతుంది, ఎండాకాలపు నెర్రెల వెంట గట్టూ తెగుతుంది. ఎర్ర నేలకు పనికొచ్చిన గట్టు రేగడికి పనికిరాదన్న మాట. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో 1976లో మొదలైన ప్రయోగంలో మీటరు వెడల్పు ఎత్తు మడులు, వాటి మధ్య అరమీటరు కాలువలు స్వల్ప వాలుతో తీసి, వానాకాలంలోనూ పైరు ఉంచారు. పాత పద్ధతిలో హెక్టారుకు ఏడాదికి 6 టన్నులకు పైగా మట్టి పోయిన చోట, ఇక్కడ పోయింది ఒకటిన్నర టన్నులకు అటూ ఇటూ. 1999లో శంకర్‌పల్లి దగ్గరి కొత్తపల్లిలో ఇదే పద్ధతిని రైతుల చేలలోకి తెచ్చారు.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది. మన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన వేసిన కమిటీ సూచనలతో 1994లో వచ్చిన మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్లను ఒక వాటర్‌షెడ్‌గా పెట్టుకున్నాయి. పని గుట్ట మీద మొదలై కిందికి రావాలి. నీరు వేగం పుంజుకోకముందు పట్టుకోవడం తేలిక, పుంజుకున్నాక పట్టుకోవాలంటే కాంక్రీటు కావాలి. కానీ ఊళ్లో ఒత్తిడి ఎప్పుడూ కింది నుంచే వస్తుంది. చెక్ డ్యాము రోడ్డు మీదికి కనిపిస్తుంది, శిలాఫలకం పెట్టుకోవచ్చు. గుట్ట మీది కందకాన్ని చూసేదెవరు, మేకల కాపరి తప్ప?

ఒకదాని కింద ఒకటిగా ఉండి నీటిని మెట్టుమెట్టుకూ ఆపే మన గొలుసుకట్టు చెరువులదీ ఇదే ఎత్తుగడ. 20 మీటర్ల వెడల్పు మత్తడి (చెరువు నిండాక మిగులు నీరు పొర్లే అలుగు) మీద 30 సెంటీమీటర్ల ఎత్తున నీరు దుంకితే సెకనుకు అయిదున్నర ఘనపు మీటర్లు పోతుంది. ఎత్తు 60 సెంటీమీటర్లయితే రెండింతలు కాదు, 16 ఘనపు మీటర్లకు దగ్గర. శిఖం భూమి (చెరువులో నీరు నిలిచే నేల) సగం పూడ్చి ప్లాట్లు వేస్తే అదే వానకు నీటిమట్టం తొందరగా లేస్తుంది, కింది చెరువు మీద ఒక్కసారిగా పడుతుంది. అది తెగితే దాని కిందిది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ముసలమ్మ అనే కోడలు ప్రాణం అర్పించిందని కథ చెప్పుకుంటారు. కట్ట మైసమ్మకు ఏటా బోనం పెట్టడం నాకు అభ్యంతరం కాదు. అదే రోజు కట్ట మీద ఎలుక బొరియలు, మత్తడి ముందు పెరిగిన తుమ్మలు కూడా చూసుకోవచ్చు కదా అంటాను. ఆడపిల్ల బలి అయిందని పాడుకునే కథలో మత్తడి వెడల్పు ఎంతని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఇవన్నీ చేసినా 2024 లాంటి వానకు ఆగుతుందా? ఆ రోజు కొన్నిచోట్ల 40 సెంటీమీటర్లు దాటింది. 500 హెక్టార్ల మీద 40 సెంటీమీటర్లంటే 20 లక్షల ఘనపు మీటర్లు. ఒక్కోటి 250 ఘనపు మీటర్ల నీటి కుంటలు వంద తవ్వినా పట్టేది 25 వేలు, నూటికి ఒకటింబావు వంతు. "ఎక్కడి నీటిని అక్కడే ఆపుదాం" అనే నినాదం అలాంటి రోజున చేతులెత్తేస్తుంది. కుంటలు కరువుకు మందు, వరదకు కాదు. ఆ రోజున పనికొచ్చేవి రెండే: నీటి పరుగును తగ్గించిన వాలు, గడ్డి, మెట్లు ఒకటి, మిగిలిన నీరు కట్టను తెంచకుండా పోవడానికి సరిపడా మత్తడి రెండోది.

మీ ఒర్రె వేగం మీరే కొలుచుకోవచ్చు. మామూలు వానకు, ఒడ్డు మీద నిలబడి, పది మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టుకోండి. ఎండు కొబ్బరి చిప్ప ఒకటి నీళ్లలో వేసి సెకన్లు లెక్కపెట్టండి. పైన నీరు లోపలికంటే కాస్త వేగంగా పోతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించండి. ఆరేడు సెకన్లలో దాటిందంటే అక్కడ కంకర కదులుతోందని లెక్క. గుట్ట దగ్గర ఒకసారి, చేల మధ్య ఒకసారి, చెరువులో పడే చోట ఒకసారి కొలిచి రాసుకోండి. మొదటి రాతి కట్ట ఎక్కడ వేయాలో ఆ మూడు అంకెలతో గ్రామసభలో మాట్లాడవచ్చు.