పూల బబుల్ టీ: "ఇంకాసేపు మరిగిస్తే వాసన వస్తుంది" అనుకునేవాళ్ల కోసం

టీలు, చల్లటి పానీయాలు చేయడం నేర్పించే పని నాది. పూల రుచులతో బబుల్ మిల్క్ టీ, అంటే నమిలే టాపియోకా ఉండలు వేసిన చల్లటి పాల టీ, నేర్పించిన ప్రతిసారీ తర్వాత ఒకే రకం మెసేజ్ వస్తుంది: "గులాబీ రేకులు గుప్పెడు వేశానక్కా, బాగా మరిగించాను కూడా. వాసనే లేదు, పైగా చేదు. ఇంకెంతసేపు మరిగించాలి?"

ఈ ప్రశ్న చదివితే నాకు బాధేస్తుంది. శ్రద్ధ లేనివాళ్లు అడిగే ప్రశ్న కాదిది. డబ్బు పెట్టి మంచి పూలు తెప్పించుకుని, పొయ్యి దగ్గర ఓపిగ్గా నిలబడి, ఆ ఓపిక వల్లే టీ పాడు చేసుకున్నవాళ్లు అడిగేది. అందుకే మిగతా అపోహల కంటే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఎక్కువ పూలు వేసి ఎక్కువసేపు మరిగిస్తే ఎక్కువ సువాసన

కాదు. మరిగించే కొద్దీ సువాసన తగ్గిపోతుంది.

పువ్వుకి వాసన ఇచ్చేవి తేలిగ్గా ఆవిరై ఎగిరిపోయే పదార్థాలు. మల్లెలో బెంజైల్ ఎసిటేట్, లినలూల్. గులాబీలో జెరానియోల్, సిట్రోనెలోల్, ఫినైల్ ఇథనాల్. లావెండర్‌లో లినలూల్, లినలైల్ ఎసిటేట్. ఈ పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇవేవీ వేడికి గిన్నెలో నిలిచేవి కావు, అదొక్కటి గుర్తుంటే చాలు. మూత తీసి మరిగిస్తుంటే వంటగదంతా గుమగుమలాడుతుంది, మనకీ సంతోషంగా ఉంటుంది. కానీ గదిలోకి వచ్చిన వాసన గిన్నెలోంచి పోయిన వాసనే కదా! చివరికి గిన్నెలో మిగిలేది ఆకులోంచి దిగిన వగరు, పూల ఆకుపచ్చ తొడిమల చేదు, ఉడికిపోయిన రేకుల వాసన. ఆ చేదు తగ్గాలని చక్కెర పోస్తారు. చక్కెర ఎక్కువైందని పాలు పోస్తారు. పాలల్లోని కొవ్వు, ప్రొటీన్లు ఆ మిగిలిన కాస్త వాసనని కూడా పట్టి ఉంచేస్తాయి. ఆఖర్న ఐస్ వేస్తే ఆ చల్లదనానికి వాసన, తీపి రెండూ నాలుకకి ఇంకా తక్కువగా తెలుస్తాయి. ఇక ఆ గ్లాసులో పువ్వు ఎక్కడ మిగిలినట్టు?

చైనాలో మల్లె టీ ఎలా చేస్తారో తెలుసుకుంటే ఈ విషయంలో ఇంకే అనుమానమూ మిగలదు. ఫుజౌ నగరం ఆ టీకి పేరుపొందిన చోటు. అక్కడ మల్లెమొగ్గలు మధ్యాహ్నం కోస్తారు. రాత్రి అవి విచ్చుకునే వేళకి తయారుగా ఉన్న టీ ఆకులో కలిపి ఉంచుతారు. పువ్వు వదిలే వాసనని ఆకు రాత్రంతా పీల్చుకుంటుంది. తర్వాత పూలు ఏరేసి, ఆకుని మళ్లీ ఆరబెడతారు. మేలు రకాలకి తాజా పూలతో ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తారు. ఇంత తతంగంలో పువ్వుని ఉడికించడం ఎక్కడా లేదు. మంచి మల్లె టీ పొట్లంలో పూలు కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. "ఇందులో పూలే లేవు, మోసం" అని దాన్ని వెనక్కి పంపేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. పైకి అందంగా రేకులు చల్లి ఉన్న పొట్లం తెచ్చుకుని, అందులో వాసన లేదని మళ్లీ మరిగించేది కూడా వాళ్లే.

మరి ఎలా చేయాలి? మల్లె టీకి గ్రీన్ టీ ఆకే ఎక్కువగా వాడతారు కాబట్టి 80 డిగ్రీల నీళ్లు చాలు. థర్మామీటర్ లేకపోతే నీళ్లు మరగనిచ్చి, పొయ్యి ఆపి, కొన్ని నిమిషాలు వదిలేయండి. పాలూ ఐసూ కలుస్తాయి కాబట్టి డికాషన్ చిక్కగానే ఉండాలి. అయితే ఆ చిక్కదనం సమయం పెంచితే కాదు, ఆకు పెంచితే రావాలి. 250 మి.లీ. నీటికి 7, 8 గ్రాముల ఆకు వేసి, మూత పెట్టి, 4 నిమిషాలకి వడగట్టేయండి. వడగట్టేటప్పుడు ఆకుని గరిటెతో నొక్కి పిండొద్దు, వగరంతా దిగుతుంది. పాలు మొత్తం గ్లాసులో మూడో వంతు దాటనివ్వకండి.

గులాబీకి అయితే బ్లాక్ టీ డికాషన్ విడిగా తీసి, పొయ్యి ఆపాక ఎండు రేకులు వేసి మూత పెట్టండి. తాజా రేకులైతే అడుగున తెల్లగా ఉండే భాగం తుంచేయాలి, చేదు అక్కడే ఉంటుంది. లావెండర్ ఎండుమొగ్గలు ఒక కప్పుకి అర చెంచా చాలు. చెంచా దాటితే టీ కాస్తా సబ్బు నీళ్లయిపోతుంది. లావెండర్‌లో కర్పూరం ఘాటు ఎక్కువుండే సంకర రకాలు కూడా ఉన్నాయి, వంటకి సన్నాకు రకమే (లవాండులా అంగుస్టిఫోలియా) బాగుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది సిరప్ పద్ధతి. చక్కెర, నీళ్లు సమానంగా కరిగించి, పొయ్యి ఆపి, గోరువెచ్చనయ్యాక పూలు వేసి, మూత బిగించి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. పొద్దున్నే వడగడితే సరి. ఓస్మాంతస్ అనే చిన్న పసుపు పూలకి ఈ పద్ధతి ఎంత బాగా కుదురుతుందో చెప్పలేను. పువ్వు వాసన సిరప్‌లో, టీ రుచి డికాషన్‌లో వేరువేరుగా ఉంటాయి కాబట్టి గ్లాసులో కలిపేటప్పుడు ఏది ఎంత కావాలో మన చేతిలో ఉంటుంది. వాసన తక్కువైందనిపిస్తే ఇంకో చెంచా సిరప్ వేసుకోవచ్చు, మళ్లీ పొయ్యి వెలిగించే పని లేదు.

ఇంత పొడుగ్గా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. వాసన చాలలేదని విసుగొచ్చినవాళ్లు తర్వాత వెళ్లేది ఎసెన్షియల్ ఆయిల్ సీసా దగ్గరికి. "రెండు చుక్కలు చాలు, అంతా సహజమే" అని వీడియోల్లో చెప్పేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ నూనె నీళ్లలో కరగదు. టీ మీద తేలి, మొదటి గుక్కలోనే గాఢంగా నోటికి తగులుతుంది. నోరు, గొంతు, కడుపు మండించగలదు. చిన్నపిల్లలకి కొద్ది మోతాదు కూడా ప్రమాదమే.

ఒకరోజు బాగా పొద్దుపోయాక ఒకావిడ ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. లావెండర్ నూనె వేసిన టీ ఐదేళ్ల పాప ఒక గుక్క తాగి నోరు మండుతోందని ఏడుస్తోందట.

"వాంతి చేయించమంటారా అక్కా?"

"వద్దమ్మా, అస్సలు వద్దు. ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. సీసా చేతిలో పట్టుకుని, పేరు చదివి, పాప ఎంత తాగిందో చెప్పండి."

వాంతి చేయిస్తే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, అందుకే అంత గట్టిగా చెప్పాను. పాపకి ఏమీ కాలేదు. కానీ ఆ తల్లి చాలాసేపు ఏడ్చారు. పిల్లకి ఇష్టమైనది చేసి పెడదామనుకోవడం తప్ప ఆవిడ చేసిందేమీ లేదు. తెలిసీ తెలియక ఇలాంటి చిట్కాలు చెప్పేవాళ్ల మీదే నా కోపమంతా. ఘాటు పెంచాలంటే ఆహారానికి వాడొచ్చని లేబుల్ మీద రాసి ఉన్న రోజ్ వాటర్ అర చెంచా, అదీ పొయ్యి ఆపాక వేయండి. ముఖానికి రాసుకునే రోజ్ వాటర్ వేరు, అది టీలోకి రాకూడదు.

అపోహ: పువ్వే కదా, ఏదైనా వేసుకోవచ్చు

గన్నేరు, పచ్చగన్నేరు గుండెని దెబ్బతీసే విషాలు. ఉమ్మెత్త కూడా విషమే. "కరోలినా జాస్మిన్" అని ఒక పసుపు పూల తీగ ఉంది. పేరులో జాస్మిన్ ఉన్నా అది మల్లె జాతిది కాదు, మొక్క మొత్తం విషం. పువ్వు ఏదో ఖాయంగా తెలియకపోతే గ్లాసులోకి రానివ్వకండి.

తినదగిన పువ్వు అయినంత మాత్రాన కూడా సరిపోదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోవాలి. బొకేల కోసం, అలంకరణ కోసం పెంచే పూల మీద తినేవాటికి వాడకూడని పురుగుమందులు కొట్టి ఉండొచ్చు. కడిగేస్తే పోతాయి కదా అంటారు. మొక్క లోపలికి పీల్చుకున్న మందు కడిగితే పోదు. వంటకోసమని అమ్మే ఎండుపూలు కొనుక్కోండి, లేదా మందు కొట్టకుండా మీరే పెంచిన చెట్టు నుంచి కోసుకోండి. పుప్పొడి పడనివాళ్లు చామంతి, కేమమైల్ లాంటి వాటితో జాగ్రత్తగా ఉండాలి.

అపోహ: బోబా అంటే ప్లాస్టిక్

ఈ పుకారు వినీ వినీ విసుగొచ్చింది. బోబా అంటే బబుల్ టీ అడుగున ఉండే ఆ నమిలే ఉండలు, వాటినే టాపియోకా పెర్ల్స్ అంటారు. అవి కర్రపెండలం పిండి, నీళ్లు, చక్కెర. నల్లటి రంగు ఎక్కువగా బ్రౌన్ షుగర్ వల్లో, కారమెల్ రంగు వల్లో వస్తుంది. 2013లో తైవాన్‌లో కొందరు పిండిలో అనుమతి లేని మేలియిక్ యాన్‌హైడ్రైడ్ అనే రసాయనం కలిపారని బయటపడి పెద్ద గొడవైంది, పెర్ల్స్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అది నిజంగా జరిగిన కల్తీ. కానీ అక్కడ కూడా కల్తీ అయింది పిండే, ఎవరూ ప్లాస్టిక్‌ని గుండ్రంగా చుట్టి అమ్మలేదు. అంతగా భయంగా ఉంటే ఇంట్లోనే చేసుకోండి: టాపియోకా పిండిలో మరుగుతున్న బెల్లం నీళ్లో, బ్రౌన్ షుగర్ నీళ్లో పోసి, వేడిగా ఉండగానే కలిపి ఉండలు చుట్టుకోవడమే.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. చిన్నపిల్లలు లావు స్ట్రాతో గట్టిగా పీలిస్తే పెర్ల్ గొంతుకి అడ్డం పడొచ్చు, శ్వాసనాళంలోకి జారొచ్చు. నాలుగేళ్ల లోపు పిల్లల విషయంలో జర్మనీ ప్రభుత్వ సంస్థ ఒకటి 2012లోనే ఈ హెచ్చరిక చేసింది. అంత చిన్నవాళ్లకి పెర్ల్స్ లేకుండానే ఇవ్వండి.

అపోహ: పెర్ల్స్ ముందు నానబెట్టాలి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు

రెండూ తప్పే. చల్లటి నీళ్లలో వేస్తే కరిగి ముద్దయిపోతాయి. పెర్ల్స్‌కి ఏడెనిమిది రెట్లు నీళ్లు తీసుకుని, తెర్లుతున్నప్పుడే వేసి, అవి పైకి తేలేదాకా మెల్లగా కలపాలి. తక్షణం ఉడికే రకం కాకపోతే 20 నుంచి 30 నిమిషాలు ఉడికించి, ఆపి, మూత పెట్టి మరో 20 నిమిషాలు వదలాలి. తర్వాత చల్లటి నీళ్లతో కడిగి సిరప్‌లో వేయండి. నాలుగు గంటల్లోపు తాగేయడం మంచిది. ఫ్రిజ్‌లో పెడితే పిండి మళ్లీ బిగుసుకుని, లోపల సుద్దముక్కలా తగులుతుంది. కాబట్టి ఎంత తాగుతారో అంతే ఉడికించుకోండి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. శంఖుపువ్వు వేస్తే నీలం రంగు వస్తుంది, వాసన మాత్రం రాదు. వాసన కావాలంటే దానికి మల్లె టీ జోడించండి. రంగు ఊదాగా మారితే పాడైందని టెన్షన్ పడకండి, పులుపు తగిలితే ఆ రంగు అలాగే మారుతుంది. ఎర్ర గోంగూర పూల టీలో, అదే హైబిస్కస్ టీలో, పాలు పోస్తే విరుగుతాయి. పాలు పాతవై కాదు, ఆ టీ చాలా పులుపు కాబట్టి. దాన్ని పాలు లేకుండా, ఐస్‌తో, పెర్ల్స్‌తో తాగండి.

ఇక "పూల టీ కదా, కెఫీన్ ఉండదు" అని పిల్లలకి రాత్రిపూట ఇచ్చేవాళ్లున్నారు. మల్లె టీ, రోజ్ మిల్క్ టీ, ఓస్మాంతస్ ఊలాంగ్ అన్నిట్లోనూ ఉండేది టీ ఆకే, కాబట్టి కెఫీన్ ఉంటుంది. గర్భిణులకి రోజుకి 200 మిల్లీగ్రాములు దాటొద్దని వైద్యులు చెబుతారు. రోజులో తాగే కాఫీ, టీలన్నీ కలిపి ఆ లెక్క. కెఫీన్ అసలే వద్దనుకుంటే టీ ఆకు మానేసి, పైన చెప్పిన పూల సిరప్‌ని నేరుగా చల్లటి పాలల్లో కలిపి పెర్ల్స్ వేసుకోండి. ఒక గ్లాసుకి రెండు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోండి.